రెండేళ్ళ పిల్లతో అనంతగిరి: డబ్బాలో ఏం పెట్టాలి, ఎన్నింటికి బయల్దేరాలి

మొదటిసారి మా బుజ్జిని అనంతగిరి తీసుకెళ్ళినప్పుడు దానికి ఏడాదీ పది నెలలు. దారిలో ఆకలేస్తుందేమోనని పొద్దున లేవగానే నిండు గ్లాసు పాలు తాగించాం. వికారాబాద్ దాటి కొండ ఎక్కుతుంటే, మూడో మలుపు దగ్గర ఆ గ్లాసెడు పాలూ సీటు మీదికి, మా ఆవిడ చీర మీదికి, గేరు పక్కన పెట్టిన నా ఫోన్ మీదికి వచ్చేశాయి. దానికి మార్చడానికి ఒక్క జత బట్టలు తెచ్చాం. మాకైతే అవీ లేవు. వ్యూ పాయింట్ చూడకుండానే వెనక్కి తిరిగాం. కారులో పాల వాసన పోవడానికి వారం పట్టింది. "చంటిపిల్లతో అడవులేంట్రా, ఇంట్లో కూర్చోలేకా?" అని మా అమ్మ అన్న మాట చెవిలోంచి పోవడానికి ఇంకా ఎక్కువే పట్టింది.

ఇప్పుడు దానికి మూడు దాటింది. ఈలోగా అదే కొండకి ఇంకో ఐదుసార్లు వెళ్ళొచ్చాం. అదే కారు, అదే రోడ్డు. మేం మార్చుకున్నవి రెండు: బయల్దేరే టైము, డబ్బాలో తిండి. ఆ రెండింటి గురించే ఇక్కడ ఎక్కువ రాస్తాను. మిగతావి ఎవరైనా చెప్తారు.

లెక్కంతా హైదరాబాద్ నుంచి అనంతగిరికి రాస్తున్నాను. విశాఖవాళ్ళు కంబాలకొండ అనీ, వరంగల్‌వాళ్ళు పాకాల అనీ, విజయవాడవాళ్ళు భవానీ ద్వీపం అనీ మార్చుకుని చదువుకోండి. తిరుపతివాళ్ళకి తలకోన ఉంది కానీ, ఈ వయసు పిల్లలతో జలపాతం కిందికి దిగే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. ఆ రాళ్ళ మీద పెద్దవాళ్ళే జారిపడతారు.

1. ముందు ఇంటి దగ్గర రిహార్సల్

నేరుగా కొండకి పోవద్దు. మొదటి వారం మీ కాలనీ పార్కుకి గంటసేపు వెళ్ళండి. ఊరికే ఆడించి తీసుకురావడం కాదు, ఒక పూట తిండి అక్కడే పెట్టండి. పిల్ల చాప మీద కూర్చుని తింటుందా, పక్కన కుక్క కనిపిస్తే ముద్ద మింగుతుందా, చెప్పులు పది నిమిషాలు ఉంచుకుంటుందా, ఎంత దూరం నడిచాక చేతులు చాస్తుంది, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. మా బుజ్జి అప్పట్లో సరిగ్గా రెండు కరెంటు స్తంభాల దూరం నడిచేది. మూడో స్తంభం నుంచి నా భుజం మీదే.

రెండో వారం సగం రోజు. కొండాపూర్ వైపువాళ్ళకి కొత్తగూడ బొటానికల్ గార్డెన్ బాగుంటుంది, నీడ ఉంటుంది. పాతబస్తీ వైపువాళ్ళకి నెహ్రూ జూ పార్కు, సోమవారం సెలవు గుర్తుంచుకోండి. జూ 380 ఎకరాలు. అంతా చూపించాలని తిప్పితే పిల్ల కన్నా ముందు మీరు అలిసిపోతారు. మూడు జంతువులు చూపించి, నీడలో కూర్చోబెట్టి తినిపించి తీసుకురండి. మావాడి కూతురైతే, అంటే నా తమ్ముడి పిల్ల, ఏనుగు కన్నా ఏనుగు పక్కన కారుతున్న నీళ్ళ పైపునే ఎక్కువసేపు చూసింది. టికెట్ డబ్బులు దండగ అనుకోవద్దు, దానికి అదే జూ.

2. గడియారం వెనక నుంచి తిప్పండి

మనకు అలవాటు ఏంటంటే, ఎన్నింటికి బయల్దేరదాం అని మొదలుపెడతాం. చంటిపిల్లలున్న ఇంట్లో మధ్యాహ్నం నిద్ర ఎన్నింటికి అనే దగ్గర మొదలుపెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. ఆ పగటి కునుకు ఎగ్గొట్టించి మీరు ఎంత అందమైన చోటుకి తీసుకెళ్ళినా వినబడేది ఏడుపే.

మా బుజ్జి పదకొండింటికి నిద్రపోయేది. కాబట్టి పదిమ్ముప్పావుకల్లా తిరుగు ప్రయాణంలో కారులో ఉండాలి. అంటే పదింటికి రెండో తిండి. అంటే ఎనిమిదిన్నర నుంచి పదిదాకా ఆట. అంటే ఎనిమిదికి కొండ మీద టిఫిన్. మెహదీపట్నం నుంచి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా దాదాపు 75 కిలోమీటర్లు, దారిలో ఆగడంతో కలిపి రెండుంపావు గంటలు. అంటే పావు తక్కువ ఆరుకి కారు కదలాలి. నైట్ డ్రెస్‌లోనే, నిద్రలోనే ఎత్తుకుని సీట్లో కట్టేస్తాం. మొహం కడగడం, బట్టలు మార్చడం అన్నీ దారిలో.

"ఇంత పొద్దున్నే వెళ్ళి పదిన్నరకే వచ్చేయడమా?" అని మా బావమరిది నవ్వాడు. తను ఇద్దరు పిల్లలతో సాయంత్రం దాకా ఉండి వచ్చాడు ఒకసారి. ఇప్పుడు నవ్వట్లేదు.

కారు లేనివాళ్ళకి రైలు ఇంకా మంచిది. సికింద్రాబాద్ నుంచి వాడి వెళ్ళే లైన్లో వికారాబాద్ జంక్షన్ వస్తుంది, అక్కణ్ణించి ఆటోలో ఆరు కిలోమీటర్లు. రైల్లో పిల్ల అటూ ఇటూ నడుస్తుంది, కిటికీ ఉంటుంది, వాంతుల గోల తక్కువ.

కాలం గురించి ఒక్క మాట. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయి. డిసెంబర్, జనవరిలో అక్కడ పొద్దున చలి గట్టిగానే ఉంటుంది కాబట్టి ఒక దొడ్డు స్వెట్టర్ బదులు మూడు పల్చటి పొరలు వేయండి, ఎండ ఎక్కేకొద్దీ ఒక్కోటి తీయొచ్చు. వానాకాలంలో కొండ పచ్చగా ఉంటుంది, బురదా ఉంటుంది, వారాంతం జనమూ ఉంటారు. ఏప్రిల్, మే నెలల్లో నేను వెళ్ళను.

3. డబ్బా

అసలు పని ముందురోజు రాత్రి వంటింట్లో మొదలవుతుంది.

ఒక నియమం పెట్టుకున్నాం: ఇంట్లో పదిసార్లు తిన్నదే బయటికి. కొత్త వంట, కొత్త పండు ఏదైనా ప్రయోగం ఉంటే ఆదివారం ఇంట్లో చేసుకోవాలి. పల్లీలు, గుడ్డు, జీడిపప్పు లాంటివి ఒక్కోసారి పడకపోతే ఒంటి మీద దద్దుర్లు, పెదాలు వాయడం జరుగుతుంది. ఆ సంగతి ఆస్పత్రి పక్కనున్నప్పుడు తెలిస్తే నయం, అడవిలో కాదు.

ఎంత పెట్టాలి అనేది ఇంకో సమస్య. ఏడాది దాటిన పిల్లలు పూటకి పావు లీటరు గిన్నెలో ముప్పావు వంతు తింటే చాలు. అంటే రెండు చిన్న ఇడ్లీలు, లేదా ఒక గరిటెడు పప్పన్నం, పైన కాస్త. మా అమ్మ మాత్రం దానికి ఒక్కదానికే పన్నెండు ఇడ్లీలు సర్దేది. మిగిలినవన్నీ నేనే తిన్నాను, అందుకు ఫిర్యాదు లేదు.

టిఫిన్‌కి ఇడ్లీని మించింది ఇంతవరకు నాకు దొరకలేదు. చల్లారినా మెత్తగా ఉంటుంది, చేత్తో పట్టుకోవచ్చు, కింద పడితే ఊడ్చేయొచ్చు. కానీ కొబ్బరి పచ్చడి పట్టుకెళ్ళకండి, డబ్బాలో ముందు పాడయ్యేది అదే. బదులుగా నువ్వుల పొడి: నాలుగు చెంచాల నువ్వులు దోరగా వేయించి, రెండు చెంచాల పుట్నాల పప్పు, పావు చెంచా జీలకర్ర, చిటికెడు ఉప్పు వేసి మెత్తగా పొడి కొట్టండి. మిరపకాయ వద్దు. ఇడ్లీని అడ్డంగా రెండుగా కోసి, మధ్యలో కరిగిన నెయ్యి, ఈ పొడి రాసి మళ్ళీ మూసేయండి. పొడి రాలదు, చొక్కా పాడవదు. ఈ చిట్కా మా ఆవిడది, నేను కనిపెట్టానని ఆఫీసులో చెప్పుకుంటుంటాను.

పెసరట్టు రెండో డబ్బా. ఒక కప్పు పెసలకి రెండు చెంచాల బియ్యం కలిపి రాత్రి నానబెట్టి, పొద్దున చిన్న అల్లం ముక్కతో రుబ్బి, తురిమిన సొరకాయ కలపండి. సొరకాయ వల్ల అట్టు చల్లారినా గట్టిపడదు. రూపాయి బిళ్ళంత కాకుండా అరచేయంత వేసి నాలుగు ముక్కలు చేయండి. తినేటప్పుడు నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే పెసలలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. ఇక్కడే ఒక గొడవ చెప్పాలి: మన ఇళ్ళలో తాతయ్యలు, నానమ్మలు సాసర్‌లో పోసి పిల్లలకి రెండు గుక్కల టీ తాగిస్తారు. ఆ టీ సరిగ్గా ఆ ఐరన్‌నే పట్టనివ్వదు. కొండ మీద టీ కొట్టు కనిపించగానే మా నాన్న చెయ్యి సాసర్ వైపు పోతుంది. నేను చెప్తే వినడు, డాక్టరమ్మ చెప్పిందని చెప్తే విన్నాడు.

మూడోది వేడి తిండి. దీనికి స్టీలు ఫుడ్ ఫ్లాస్క్ కొనాలి, వెడల్పు మూతి ఉన్నది. చాలామంది ఫ్లాస్క్‌లో అన్నం పెట్టి, మూడు గంటల తర్వాత గోరువెచ్చగా ఉందేంటి అని దాన్ని తిడతారు. తప్పు దానిది కాదు. ముందు మరుగుతున్న నీళ్ళు నిండా పోసి మూత పెట్టి పది నిమిషాలు ఉంచండి. ఆ నీళ్ళు పారబోసి, పొయ్యి మీంచి దించిన పప్పన్నం పొగలు కక్కుతుండగానే మూతి దాకా నింపండి. సగం ఖాళీగా ఉంటే త్వరగా చల్లారుతుంది. తిండి గోరువెచ్చగా గంటలు గంటలు ఉండటమే ప్రమాదం, క్రిములు పెరిగేది ఆ వేడిలోనే. పొగలు కక్కుతూ ఉండాలి, లేదా చల్లగా ఉండాలి. మూత తీసినప్పుడు ఆవిరి రాకపోతే పిల్లకి పెట్టను. పెసరపప్పు, బియ్యం సమంగా, పాలకూర గుప్పెడు, పసుపు, నెయ్యి, చాలా మెత్తగా ఉడికించండి. ఫ్లాస్క్‌లో ఇంకా బిగుసుకుంటుంది కాబట్టి ఇంట్లో కన్నా ఒక గ్లాసు నీళ్ళు ఎక్కువ పోయాలి.

పెరుగన్నం గురించి అడుగుతారని తెలుసు. చలికాలంలో అయితే మన అమ్మమ్మల పద్ధతే: అన్నం మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన పాలు కలిపి, ఒక్క చెంచా పెరుగు తోడేయడం. పది గంటలకి కమ్మగా ఉంటుంది. కాస్త ఎండ పెరిగినా పుల్లబడుతుంది, అందుకే మార్చి వచ్చాక నేను పట్టుకెళ్ళను.

రాగి జావ నేను ఓడిపోయిన చోటు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే పాలలో ఉండేది 120 చిల్లర. ఆ లెక్క చూసి సిప్పర్‌లో పోసి తీసుకెళ్ళాను. గంటకి గంజి అయింది, రెండు గంటలకి సిప్పర్ గొట్టంలో సిమెంటులా బిగుసుకుంది. ఇప్పుడు రాగి పిండిని ఇడ్లీ పిండిలో పావు వంతు కలిపి ఆ అట్టు పట్టుకెళ్తాం. జావ ఇంట్లోనే తాగుతుంది.

చిరుతిండికి ఉండలు. అరకప్పు పుట్నాలు, పావుకప్పు వేయించి పొట్టు తీసిన పల్లీలు కలిపి పలుకు లేకుండా పొడి చేయండి. గింజ తీసిన ఎనిమిది ఖర్జూరాలు గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట నానబెట్టి నూరి అందులో కలపండి. చెంచా నెయ్యి వేసి ఉసిరికాయంత ఉండలు చుట్టండి. పంచదార, బెల్లం రెండూ అక్కర్లేదు. పిల్లకి ఇచ్చేటప్పుడు ఉండగా ఇవ్వొద్దు, చిదిమి ఇవ్వండి.

ఇక గొంతులో ఇరుక్కునేవి. ఇంట్లో కన్నా బయట ఇది ఎక్కువ జరుగుతుంది, ఎందుకంటే పిల్ల నోట్లో పెట్టుకుని పరిగెత్తుతుంది. గుండ్రంగా, జారుడుగా, గట్టిగా ఉన్నవన్నీ అనుమానించండి. ద్రాక్షపండుని నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. పల్లీలు, బఠాణీలు, శనగలు గింజలుగా ఐదేళ్ళ దాకా వద్దు. వేరుశనగ పట్టీ, జంతికలు, పాప్‌కార్న్ వద్దు. మన ప్రత్యేక శత్రువులు వేరే ఉన్నారు: రేగుపళ్ళు, సీతాఫలం గింజ, తాటిముంజ. వానాకాలం చివర్లో ఆ రోడ్డు పొడుగూతా సీతాఫలాలు అమ్ముతారు, మనం కారులోనే తింటూ పిల్ల నోట్లో ఒక తొన పెడతాం. గింజలు తీసి, గుజ్జు చెంచాతో పెట్టండి, కారు ఆపాక. తాటిముంజ అయితే మెదిపి పెట్టాలి. పిల్లకి గొంతులో ఏదైనా అడ్డుపడి దగ్గలేక, ఏడవలేకపోతే, ముందుకి వంచి రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి కింది భాగంతో (మణికట్టు దగ్గర) ఐదు దెబ్బలు, రాకపోతే వెనక నుంచి బొడ్డుకి పైన పొట్టని ఐదుసార్లు లోపలికి, పైకి నొక్కడం. ఇది ఏడాది దాటిన పిల్లలకి. చదివితే రాదు, మీ పిల్లల డాక్టర్ని అడిగి ఒకసారి చేసి చూపించమనండి.

పళ్ళలో అరటిపండే రాజు, తొక్కే దానికి డబ్బా. కమలా తొనలు పైపొర తీసి. బొప్పాయి ఇంట్లో కోసి. కోసిన పుచ్చకాయ రోడ్డు పక్క కొనకండి.

చిప్స్, బిస్కెట్ల సంగతి నిజాయితీగా చెప్తాను. పెద్దవాళ్ళు ముందు సీట్లో కరకరలాడిస్తూ వెనక సీట్లో పిల్లకి పెసరట్టు తినమంటే తినదు. అందరూ అదే తిండి తినాలి, లేదా ఎవరూ ప్యాకెట్ విప్పకూడదు. అయినా సీటు కింద ఒక బిస్కెట్ ప్యాకెట్ దాస్తాను. ట్రాఫిక్‌లో గంట ఇరుక్కున్న రోజు ఒకసారి అదే కాపాడింది.

4. సంచిలో

నీళ్ళు ఇంట్లో కాచి చల్లార్చినవే, మనిషికి లీటరు కాక పిల్లకి విడిగా అర లీటరు. చేతులు కడగడానికి వేరే సీసా, సబ్బు ముక్క. తడి టిష్యూ మట్టిని తుడుస్తుంది కానీ సబ్బు పని చేయదు. పిల్లకి మూడు జతలు, మీకు ఒక్కో జత, ఎందుకో మొదట్లోనే చెప్పాను. కాళ్ళు, చేతులు నిండా కప్పే పల్చటి కాటన్ బట్టలైతే ఎండకీ దోమలకీ ఒకటే మందు.

ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు రెండు పెట్టుకోండి. ప్యాకెట్ మీద ఎంత నీళ్ళని రాసుంటే అంత నీళ్ళలోనే కలపాలి, సగం పొడి సగం గ్లాసు అని అంచనాలు వద్దు. రంగు డబ్బాల్లో తియ్యటి పానీయాల్ని ఓఆర్ఎస్ పేరుతో అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అయినా కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి. ఏదీ దొరకని చోట, కాచిన లీటరు నీళ్ళలో తలగొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు.

అన్నింటికన్నా పనికొచ్చేది మాత్రం ఒక పాత కాటన్ చీర. మాది మా అమ్మది, నీలం రంగు, అంచు చిరిగింది. కింద పరిస్తే చాప. కారు కిటికీకి కడితే పరదా. తడిస్తే తువ్వాలు. బట్టలు మార్చేటప్పుడు తెర. ఒకసారి తిరిగొస్తూ చుట్టాల తోటలో ఆగినప్పుడు మామిడి కొమ్మకి ఉయ్యాల కట్టాం, నేలకి జానెడు ఎత్తులో. కారు సీట్లో గింజుకుంటున్న పిల్ల అందులో మూడో ఊపుకి నిద్రపోయింది. కొమ్మ మీరు వేలాడితే ఆగేంత దొడ్డుగా ఉందో లేదో ముందు చూసుకోండి, ఉయ్యాల పక్క నుంచి కదలకండి.

5. దారిలో

కారులో పిల్ల ఒళ్ళో కాదు, చైల్డ్ సీట్లో. చట్ట ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్టో, చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా సంగతి అటుంచండి, బ్రేకు గట్టిగా వేస్తే ఒళ్ళో ఉన్న పిల్లని ఏ తల్లి చేతులూ ఆపలేవు. మొదట్లో మా బుజ్జి సీట్లో ఉండనని పదిహేను నిమిషాలు ఏడ్చింది. మూడో ప్రయాణానికి తనే బకిల్ చూపించేది. బండి మీద అయితే ఇంత దూరం వద్దే వద్దు. దగ్గరి పార్కుకైనా 4 ఏళ్ళలోపు పిల్లలకి హెల్మెట్, మనకి కట్టుకునే బెల్టు ఉండాలి, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని నియమం.

ఈ వయసు పిల్లల్ని గంటకి మించి కదలకుండా కట్టేసి ఉంచకూడదు. అందుకే చేవెళ్ల దాటాక ఒకసారి ఆగుతాం. ఆ రోడ్డు మర్రిచెట్ల గురించి వినే ఉంటారు, రెండు వైపులా వందల కొద్దీ ఉండేవి, రోడ్డు వెడల్పు పనిలో వాటిని కాపాడమని జనం కోర్టుల దాకా వెళ్ళారు. ఆగాలని అనిపిస్తుంది. కానీ అంచు మీద ఆపకండి, టిప్పర్లు ఎలా వస్తాయో ఆ దారిలో వెళ్ళేవాళ్ళకి తెలుసు. పెట్రోల్ బంకు లోపలికో, ఊళ్ళోకి తిరిగే సందులోకో పోనిచ్చి ఆపండి.

వాంతులకి మా వైద్యం ఇది: బయల్దేరే ముందు పాలు లేవు. దారిలో రెండు గుక్కల నీళ్ళు, కావాలంటే అరటిపండు సగం. కొండ ఎక్కడానికి ముందు వికారాబాద్ ఊళ్ళో ఐదు నిమిషాలు ఆగి కిటికీలు దించుకుంటాం. ఫోన్ చూపించడం బంద్. మలుపుల్లో తెర వైపు చూస్తే పెద్దవాళ్ళకే తిప్పుతుంది. పాటలు పాడతాం, గొంతులు ఎలా ఉన్నా.

6. కొండ మీద

దిగగానే ముందు తిండి, తర్వాతే తిరగడం. గుడి దగ్గర కోతులు ఉంటాయి. వాటికి ప్లాస్టిక్ కవరు చప్పుడు అంటే భోజనం గంట. డబ్బాలు గుడ్డ సంచిలో ఉంచి, కారులోనే తలుపులేసుకుని తినండి. పిల్ల చేతిలో అరటిపండు పెట్టి బయట నిలబెట్టకండి. కోతి లాక్కుంటే లాక్కోనివ్వండి, తిరిగి లాగొద్దు.

అనంత పద్మనాభస్వామి గుడి, మెట్ల కింద భవనాశి కోనేరు, మూసీ పుట్టిన కొండ ఇదే అన్న మాట, ఒకప్పుడు టీబీ రోగుల్ని ఈ గాలి కోసమే ఇక్కడి శానిటోరియంలో ఉంచారన్న కథ, ఇవన్నీ మనకి. పిల్లకి కావాల్సింది పది గజాల నేల.

మూడోసారి వెళ్ళినప్పుడు జూన్ చివర, తొలకరి పడిన మర్నాడు. గుడి వెనక చెట్ల బాట మీద ఇరవై అడుగులు వేసి మా బుజ్జి కూలబడింది. ఎర్రటి మఖ్మల్ గుడ్డ తుంపులాంటిది నేల మీద కదులుతోంది. ఆరుద్ర పురుగు! నేను చూసి పాతికేళ్ళయింది. వేలితో తాకితే కాళ్ళు ముడుచుకుంది, కాసేపాగి మళ్ళీ నడిచింది. అది నడిచినప్పుడల్లా బుజ్జి ఊపిరి బిగబట్టడం, ముడుచుకున్నప్పుడల్లా "బొజ్జుంది" అనడం. ఇంకోటి కనిపించింది, ఆకు మీద ఎక్కించాం. ఫోన్ చూస్తే నలభై నిమిషాలు అయింది. వ్యూ పాయింట్ ఆరోజూ చూడలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ ఒక్కసారే చూశాం.

కాబట్టి మీ పని పిల్ల వెనక నడవడం, అది ఆగిన చోట కూర్చోవడం. ఫిబ్రవరి, మార్చిలో అయితే దారిలో చేల గట్ల మీద మోదుగు పూలు ఏరుకోవచ్చు, ఒక డబ్బా ఖాళీగా పెట్టుకోండి. ఆకు, రాయి, ఈక, ఏదైనా ఏరనివ్వండి. ఒక్కటి మాత్రం గట్టిగా చూడండి: నోట్లోకి ఏదీ పోకూడదు. ఎర్రగా నల్ల చుక్కతో ముద్దొచ్చే గురువింద గింజ నిజంగా విషం. గన్నేరు, ఉమ్మెత్త కూడా అంతే. నీళ్ళ దగ్గర, అది కోనేటి మెట్లయినా గుంటయినా, చేయి చాస్తే అందే దూరంలో ఒక పెద్దమనిషి ఉండాలి, ఫోన్ జేబులో ఉండాలి. చెరువులో పడవ షికార్లు లాంటివి పిల్ల పెద్దయ్యాక.

వానల్లో ఎత్తుగా పెరిగిన గడ్డిలోకి దించొద్దు. ఖర్మ కాలి పాము కరిస్తే తాడు కట్టడం, కోయడం, మంత్రం ఏదీ వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి.

పదింటికి పిల్ల ఇంకా ఆడుతూనే ఉంటుంది. ఇంకాసేపు ఉందాం అనిపిస్తుంది. అప్పుడే ఫ్లాస్క్ మూత తీయండి. ఆడి ఆడి ఆకలితో ఉన్న పిల్ల ఇంట్లో ఇరవై నిమిషాలు పట్టే పప్పన్నం ఆరు నిమిషాల్లో తింటుంది. తిన్నాక మొహం కడిగి, పొడి బట్టలు వేసి, కాసేపు నీడలో కూర్చుని మెల్లగా కారెక్కితే, వికారాబాద్ రైల్వే గేటు రాకముందే మెడ వాలుస్తుంది.

7. ఇంటికొచ్చాక

గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేయించేటప్పుడు చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో, జుట్టులో వేళ్ళు పోనిచ్చి పిడుదులు పట్టాయేమో చూడండి. ఉంటే చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగి, సబ్బుతో కడగండి. కిరసనాయిలు పోయడం, కాల్చడం వద్దు. రాత్రికి తేలిగ్గా పెరుగన్నం చాలు. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ చెంచా చెంచాగా పట్టండి, తిండి మాత్రం ఆపొద్దు. నీరసంగా వాలిపోతున్నా, మూత్రం రాకపోయినా ఇంటి వైద్యంతో ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఆఖరి పని, నిద్ర ముంచుకొస్తున్నా సరే: ఫ్లాస్క్ ఆ రాత్రే కడిగి, మూత తీసి బోర్లించండి. మేం ఒకసారి డిక్కీలో మర్చిపోయి బుధవారం తీశాం. తీసింది నేనే.